మూరెడు రీలు

మా బాబాయ్ దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. బ్రిటిష్ పాప్ గాయకుడు జార్జ్ మైకేల్ ఆల్బమ్ 'ఫెయిత్'. 1989లో ఆబిడ్స్ నుంచి కొనుక్కొచ్చాడు, ఆ ఆల్బమ్‌కి గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది కూడా ఆ ఏడాదే. అప్పుడు మేమంతా చిక్కడపల్లిలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. టేప్ రికార్డర్ ఒక్కటే, ముందు గదిలో. పొద్దున సుప్రభాతం, సాయంత్రం ఘంటసాల, రాత్రి తొమ్మిది దాటాక బాబాయ్ వంతు. నాకప్పుడు పదేళ్ళు, నిద్రపోయినట్టు పడుకుని వినేదాన్ని.

మొదటి పాట చర్చి ఆర్గాన్‌తో మొదలవుతుంది. మా నాయనమ్మ లోపల్నుంచి "ఏంట్రా, చర్చి పాటలు పెట్టావు?" అనేది. ఆ ఆర్గాన్ మీద వినిపించేది, అంతకుముందు అతను స్నేహితుడితో కలిసి జంటగా నడిపిన 'వామ్' పాత హిట్ 'ఫ్రీడమ్' బాణీ అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1986 జూన్‌లో వెంబ్లీ స్టేడియంలో చివరి కచేరీ చేసి ఆ జంట విడిపోయింది, ఆ మరుసటి ఏడాదే ఈ ఆల్బమ్. అంటే తన పాత పాటనే ఆర్గాన్ మీద నెమ్మదిగా సాగనంపి కొత్తది మొదలుపెట్టాడన్నమాట. ఆర్గాన్ ఆగుతుంది, ఆ వెంటనే ఒక్క గిటార్. బో డిడ్లీ దరువు అంటారు దాన్ని, 1950ల నాటి అమెరికన్ నల్లజాతి సంగీతంలోది. గిటార్, చిటికెలు, చప్పట్లు, గొంతు, అంతకుమించి పెద్దగా ఏమీ ఉండదు. పాట మూడు నిమిషాల పైచిలుకు. 1988 మొత్తానికి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసిన లెక్కలో మొదటి పాట ఇదే, మొదటి ఆల్బమ్ కూడా ఇదే.

ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి 24 ఏళ్ళు. పాటలన్నీ తనే రాసుకున్నాడు (ఒక్కదానికి మాత్రం స్నేహితుడు డేవిడ్ ఆస్టిన్ తోడు), బాణీలు తనవే, నిర్మాత తనే, చాలా వాయిద్యాలు కూడా తనే వాయించాడు. అమెరికాలో 12 వారాలు నంబర్ వన్, అందులోంచి నాలుగు పాటలు నంబర్ వన్, ప్రపంచం మొత్తం మీద రెండు కోట్లకు పైగా కాపీలు. ఇంతగా అమ్ముడుపోయిన ఆల్బమ్ అనగానే హోరెత్తించే వాయిద్యాలు ఉంటాయనుకుంటాం కదా, దీన్ని ఇవాళ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నా ఎంత ఖాళీ వదిలాడో తెలుస్తుంది, నాకు దీనిమీద ఇంత ప్రేమ ఉండటానికి ఆ ఖాళీయే కారణం. 'ఫాదర్ ఫిగర్' సంగతే చూడండి. దాన్ని మొదట డ్యాన్స్ పాటలా కట్టుకున్నాడట. ఒకసారి మిక్స్‌లో గట్టిగా దరువేసే స్నేర్ డ్రమ్ లేకుండా వినేసరికి పాట మొత్తం మారిపోయి గాస్పెల్‌లా, అంటే నల్లజాతి చర్చి పాటలా వినిపించింది, ఇక ఆ డ్రమ్‌ని తీసేశాడు. తీసేయడం తెలిసినవాడు. ఆ వయసులో అది ఎంతమందికి తెలుస్తుంది?

క్యాసెట్ కవర్ మీద తల వంచుకుని, జాకెట్‌లోకి మొహం దాచుకున్నట్టు ఉంటాడు. కేబుల్ టీవీ ఇంకా రాలేదు, వీడియోలు చూసే దారే లేదు. గొంతు విని నేను అతను నల్లజాతి గాయకుడనుకున్నాను. అలా అనుకున్నది నేనొక్కదాన్నే కాదు, అమెరికాలో నల్లజాతి శ్రోతల కోసం పెట్టిన బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్ట్‌లో మొదటి స్థానానికి వెళ్ళిన మొట్టమొదటి తెల్ల సోలో గాయకుడు ఇతనే. ఆ నల్లజాతి సంగీతంలో ఒక రకం సోల్, దాన్ని తెల్లవాళ్ళు పాడితే అక్కడ బ్లూ ఐడ్ సోల్ అంటారు. ఇతనేమో లండన్‌లో పుట్టాడు, తండ్రి సైప్రస్ నుంచి వచ్చి హోటల్ నడుపుకున్న గ్రీకు మనిషి, అసలు పేరు యోర్గోస్ పనాయోటూ.

1989లో అమెరికన్ మ్యూజిక్ అవార్డుల్లో సోల్ విభాగంలో కూడా ఇతనికే ఇచ్చారు. దానిమీద గొడవైంది, నల్లజాతి కళాకారులు కొందరు గట్టిగానే అడిగారు, మా సంగీతంలో కూడా బహుమతి మీకేనా అని. నేను దీని గురించి చాలా ఆలోచించాను. వాళ్ళు అడిగింది న్యాయమే. పాప్ చార్టుల్లోకి, రేడియోల్లోకి వాళ్ళని అంత తేలిగ్గా రానివ్వని రోజుల్లో, ఇతనికి రెండు వైపులా తలుపులు తెరిచారు. అయితే ఆ గొంతు అబద్ధం కాదు. అదే 1987లో సోల్ మహాగాయని అరీతా ఫ్రాంక్లిన్ పక్కన నిలబడి పాడి నెగ్గుకొచ్చాడు, ఆమె పక్కన దొంగ గొంతు ఒక్క చరణం కూడా నిలబడదు. మన హైదరాబాద్‌లో ఉర్దూ మాతృభాష కానివాళ్ళు గజల్ పాడటం విన్నవాళ్ళకి ఇది అర్థమవుతుంది. ఒకరి భాషలో ప్రాణం పెట్టి పాడొచ్చు, అయినా అది ఎవరి ఇంటి సొత్తో మర్చిపోకూడదు. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకునే నేను ఆ ఆల్బమ్ వింటాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఆ క్యాసెట్‌లో మొదటి వైపు మూడో పాటని నేను చిన్నప్పుడు వినలేదు. బీబీసీ రేడియో కూడా పగటిపూట వేయని పాట, ఇంట్లో పిల్లలుండగా బాబాయ్ వేస్తాడా? ఫార్వర్డ్ బటన్ నొక్కేవాడు, గిర్రున తిరిగేది, సరిగ్గా నాలుగో పాట మొదట్లో ఆపేవాడు. అంత కచ్చితంగా ఎలా ఆపేవాడో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ నాలుగోదే 'వన్ మోర్ ట్రై'.

దాదాపు ఆరు నిమిషాల పాట, చాలా నెమ్మదిగా నడుస్తుంది. ప్రేమలో ఒకసారి బాగా దెబ్బతిన్న కుర్రాడు, ఎదుటి మనిషిని టీచర్ అని పిలుస్తూ, నన్ను వదిలెయ్యి, నాకు ఇంకేమీ నేర్పకు అని బతిమాలుతుంటాడు. ఎక్కడా గొంతు చించుకోడు. ఏడవబోయి ఆపుకున్నట్టు, మాట చివర ఊపిరి వినిపిస్తుంది. ఇంగ్లీషు సరిగ్గా రాని వయసులో కూడా ఆ ఊపిరి నాకు అర్థమైంది.

ఒక రాత్రి రికార్డర్ రీలుని లాగేసింది. మొదటి వైపు చివర్లో. బాబాయ్ మెల్లగా బయటికి తీశాడు, రీలు ముడతలు పడి మెలికలు తిరిగిపోయింది. బ్లేడుతో పాడైనంత మేరా కోసేసి, మిగిలిన రెండు కొసల్నీ సెల్లోటేప్‌తో అతికించాడు. నేను లైటు పట్టుకున్నాను. కోసిన ముక్క ఒక మూరెడు ఉంటుంది, పూలమ్మాయి మల్లెపూలు కొలిచేంత. క్యాసెట్ రీలు సెకనుకి ఐదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ నడుస్తుంది కాబట్టి మూరెడు అంటే పది సెకన్లు. ఒక వైపు చివర అంటే రెండో వైపుకి మొదలు, అందుకని అవతలి వైపు 'హార్డ్ డే' మొదలు కూడా దాంతోపాటే పోయింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఆ పాట వద్దు అనడం దగ్గరే అయిపోయేది. కొన్నాళ్ళకి కవర్ మీద పేరు చదివి అడిగాను: "బాబాయ్, పాట పేరు వన్ మోర్ ట్రై కదా, పాటలో ఎక్కడా ఆ మాట లేదేంటి?"

"ఉందమ్మా. మనం కోసేసిన ముక్కలో ఉంది."

నిజంగానే ఆ మాట పాట మొత్తంలో ఒక్కసారే వస్తుంది, ఆఖరి లైనులో. అంతసేపూ వద్దు వద్దని, చివరికి పోనీ ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం అంటాడు. పదేళ్ళపాటు నేను దాన్ని వద్దు అని చెప్పే పాటగానే విన్నాను. మొదటి జీతంతో సీడీ కొనుక్కుని, ఆ చోటు దాటి పాట ముందుకెళ్ళినప్పుడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మళ్ళీ మళ్ళీ ఆ పది సెకన్లే వేసుకున్నాను.

2016 క్రిస్మస్ రోజున, 53 ఏళ్ళకే, అతను పోయాడు. వార్త చూసిన వెంటనే బాబాయ్‌కి ఫోన్ చేస్తే, "చూశానమ్మా" అని ఊరుకున్నాడు. ఇద్దరం కాసేపు ఫోన్ పెట్టకుండా అలాగే ఉన్నాం.

మొన్న ఆదివారం మల్కాజ్‌గిరిలో బాబాయ్ వాళ్ళింటికి వెళ్ళాను. వినికిడి కొంచెం తగ్గింది. ఫోన్‌కి చిన్న స్పీకర్ కలిపి దగ్గరగా పెట్టి ఆ పాట వేశాను. కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ చోటు వచ్చేసరికి వేలు పైకెత్తాడు, రీలు తెగే చోటు. పాట ఆగలేదు, ఆ ఒక్క మాటా వినిపించింది. వేలు అలాగే పైన ఉంచి చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు అవతలి వైపు పెట్టు" అన్నాడు.