తీతువు గుడ్లున్న దారి

ఏప్రిల్ చివరి వారం. ఎండ ముదిరేలోపు తిరిగొచ్చేద్దామని పొద్దున్న ఐదున్నరకే సైకిల్ తీశాను. కాలువ గట్టు మీద మట్టిదారి. పోను 18 కిలోమీటర్లు, రాను 18. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కోతలైపోయిన చేలు, మధ్యమధ్య తుమ్మచెట్లు. ఆ దారిలో నాకు వేరే పనేం లేదు. పిట్టలూ జంతువులూ బాగా కనిపిస్తాయని విన్నాను, అంతే.

మొదటి అరగంట ఏమీ కనిపించలేదు. ముందు పొదల్లో ఏదో కదిలేది, నేను చేరేసరికి కొమ్మలు ఊగుతూ ఉండేవి. కారణం కాసేపటికి తెలిసింది. తొక్కడం ఆపి సైకిల్ని దాని మానాన వదిలేస్తే వెనక చక్రం దగ్గర ఫ్రీవీల్ టిక్ టిక్ మని ఒకటే మోత. తొక్కుతున్నంతసేపూ ఆ మోత ఉండదు, టైర్ల కింద మట్టి నలిగే చప్పుడు ఒక్కటే. దాంతో వేగం బాగా తగ్గించి, పెడల్ ఆపకుండా మెల్లగా తొక్కుతూ పోయాను.

ఒక మలుపు తిరిగానో లేదో, 30 అడుగుల దూరంలో కుందేలు! దారి మధ్యలో చెవులు నిక్కించి కూర్చుంది. దాని వెనకనుంచి ఎండ పడుతుంటే చెవులు లేత ఎరుపులో వెలిగాయి, లోపలి నరాలు సన్నటి దారాల్లా కనిపించాయి. ఆనందం పట్టలేక బ్రేకు వేశాను. కాలు నేలకు ఆనిందో లేదో, రెండు గెంతుల్లో చేలోకి దూకి మాయమైంది. కుందేలుకి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, తల తిప్పకుండానే దాదాపు చుట్టూరా చూడగలదు. నేను దాన్ని చూడకముందే అది నన్ను చూసి ఉంటుంది. అయినా సైకిల్ సాగుతున్నంతసేపు కదల్లేదు, ఆగి తనకేసి చూసిన మనిషినే నమ్మలేదు. తర్వాత ముంగిస ఎదురైనప్పుడు ఆగలేదు. ఓరకంట చూసుకుంటూ అదే వేగంతో పక్కనుంచి వెళ్లిపోయాను. అది మట్టి తవ్వుకుంటున్నది తవ్వుకుంటూనే ఉంది.

ఏడింటికల్లా పిట్టలు మొదలయ్యాయి. తీగ మీద పాలపిట్ట, తూము గోడ మీద లకుముకి, గేదె వీపు మీద ఏట్రింత. వీటికోసం ప్రత్యేకంగా వెతకాల్సిన పనే లేదు, తల ఎత్తి తొక్కితే చాలు.

జెర్రిపోతుని మాత్రం దూరం నుంచే చూసి దిగిపోయాను. ఆరడుగులు ఉంటుంది, దారికి అడ్డంగా పడుకుని ఎండ కాగుతోంది. పాము ఒంటికి వేడి బయటినుంచే రావాలి, అందుకే ఎండ తగిలే మట్టిదారి దానికి అంత ఇష్టం. విషం లేని పాము, చేలలో ఎలుకల్ని తినే పాము. ఇలాంటివి దారి మీద చక్రాల కింద నలిగి చచ్చి ఉండటం ఎన్నిసార్లు చూశానో. అందుకే అది తనంతట తాను లేచి గడ్డిలోకి పోయేదాకా నిలబడ్డాను. నాలుగు నిమిషాలు పట్టింది. తోక చివర కూడా కనుమరుగయ్యాకే సైకిలెక్కాను.

పదకొండో కిలోమీటరు దాటాక ఒక్కసారిగా నెత్తిమీద అరుపులు. తీతువుల జంట. ఒకటి నా చెవి పక్కనుంచే దూసుకెళ్లింది. కంగారుపడి ఇంకా జోరుగా తొక్కబోయాను. అంతలో గట్టు కిందనుంచి మేకలు కాస్తున్న పెద్దాయన కేకేశాడు.

"బాబూ, ఆపు ఆపు! గుడ్లున్నాయక్కడ!"

"ఎక్కడ పెద్దాయనా?"

"నీ ముందు చక్రం కాడే చూడు."

చూశాను. మట్టి, గులకరాళ్లు, అంతే. ఆయన పైకొచ్చి చెయ్యి చాపి చూపించాక గానీ కనబడలేదు. టైరుకి జానెడు దూరంలో నాలుగు గుడ్లు. మట్టిరంగు, దాని మీద నల్లటి మచ్చలు. సన్నటి కొసలన్నీ లోపలికి పెట్టి ఉన్నాయి. గూడంటే పుల్లలతో అల్లిన గూడు కాదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ పేర్చినట్టు గులకరాళ్లు, నాలుగైదు మేక పెంటికలు. ఇంకొక్కసారి పెడల్ తొక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని నా చేతులు వణికాయి.

వారం రోజులనుంచి తన మేకల్ని ఆ గట్టెక్కనివ్వడం లేదన్నాడాయన. తీతువు గుడ్లు పొదగడానికి నాలుగు వారాలు పడుతుంది, ఆడదీ మగదీ వంతులు మారతాయి. అంటే ఇంకా మూడు వారాలు ఆ జంట అక్కడే ఉండాలి.

"గుర్తుగా ఒక కర్ర పాతుదామా?" అన్నాను.

"వద్దు బాబూ. మనకి గుర్తయితే కాకులకీ గుర్తే."

నాకు ఆ ఆలోచనే రాలేదు. వంగి ఉన్న తుమ్మచెట్టు ఒకటి ఆనవాలుగా పెట్టుకుని, సైకిల్ని చేలోకి దించి చుట్టూ తిరిగి వెళ్లాను. మిగతా ఏడు కిలోమీటర్లలో ఏం చూశానో పెద్దగా గుర్తులేదు, మనసంతా ఆ గుడ్ల దగ్గరే ఉంది.

తిరిగొచ్చేసరికి పదిన్నర. నేల కాలిపోతోంది. తుమ్మచెట్టుకి బాగా ఇవతలే దిగి, బైనాక్యులర్స్ పెట్టి చూశాను. ఒక పిట్ట గుడ్ల మీద ఉంది. కూర్చోలేదు, కాళ్ల మీద నిలబడి వాటికి నీడ ఇస్తోంది. రెండోది కాలువ అంచున నీళ్లలో దిగి, పొట్ట ముంచుకుని, ఒళ్లు అటూఇటూ ఊపుతోంది. నీళ్లు తాగుతోందేమో అనుకున్నాను. అది గట్టెక్కి నాలుగడుగులు పరుగు, ఒక నిమిషం ఆగడం, మళ్లీ పరుగు, అలా గూడు దగ్గరికి వచ్చింది. మొదటిది పక్కకి తప్పుకుంది. ఇది తడి పొట్టని గుడ్లకి ఆనించి మెల్లగా కూర్చుంది. ఆ ఎండకి గుడ్లు ఉడికిపోకుండా తీతువులు ఇలా పొట్ట ఈకల్లో నీళ్లు మోసుకొస్తాయని చదివాను గానీ కళ్లారా చూడటం అదే మొదలు. తడి ఈకలు గుడ్లకి అంటుకున్న చోట మట్టి నల్లబడింది.

పదిహేను నిమిషాల్లో మూడుసార్లు నీళ్లకి వెళ్లొచ్చాయి. నడిపించుకుపోతే ఫ్రీవీల్ మళ్లీ టిక్ టిక్ మంటుందని సైకిల్ని భుజానికెత్తుకుని చేలోకి దిగాను. తలతిప్పి చూస్తే ఒకటి నిలబడి నన్నే గమనిస్తోంది. రెండోది గుడ్ల మీదనుంచి లేవలేదు.