శనివారం ఆఖరి పీరియడ్

సంచికకు ఏదన్నా రాయమని మన బ్యాచ్ వాళ్లు అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చింది ఒక నల్ల టేప్‌రికార్డర్. తెలుగు సారు దాన్ని సైకిలు క్యారియర్‌కు పాత ట్యూబుతో కట్టి తెచ్చేవారు. శనివారం ఆఖరి పీరియడ్‌కి కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి ఆరు పెద్ద బ్యాటరీలు కూడా ఆయన డబ్బులతోనే.

మాది 1994-95 పదో తరగతి. పరీక్షల ఏడాది క్లాసులో సినిమా పాటలేందని స్టాఫ్‌రూములో గొణుగుళ్లు ఉండేవట. సారు పట్టించుకోలేదు. పాట రెండుసార్లు వేసేవారు. మొదటిసారి ఊరికే వినాలి. రెండోసారి నోట్‌బుక్ తెరవాలి.

"పాటకు అర్థం రాయబాకండి, అది నాకు తెలుసు. ఈ పాట వింటే మీరు ఎక్కడుంటారో అది రాయండి" అనేవారు.

"ఎక్కడుంటాం సార్, బెంచీ మీదే" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. నేనైతే మొదటి వారం 'కవి ఈ గీతంలో హృదయ వేదనను హృద్యంగా...' అంటూ గైడు భాషలో పేజీన్నర నింపాను. మార్కులు లేవు. కింద ఎర్ర సిరాతో "ఇందులో నువ్వెక్కడ?" అని మాత్రం ఉంది.

ఆత్రేయ పాటలంటే సారుకు పక్షపాతం. 1921లో సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన మన జిల్లా మనిషి, మనసు సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు అనేవారు. మేం మాత్రం బాలు కొత్త పాటలు అడిగేవాళ్లం. ఆయనా మనవాడే, నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఇల్లు, కాబట్టి సారు కాదనలేకపోయేవారు.

మా వాడొకడు పెళ్లి ఊరేగింపులో వేసే హుషారు పాట విని తుఫాను గురించి రాశాడు. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన రాత్రి బడిలో తలదాచుకున్న జనంలో ఎవరో చీకట్లో ఆ పాటే కూనిరాగం తీశారట. ఊరంతా చిందులేసే పాట వాడికి తడిసిన బియ్యం వాసన. వాడు నా పక్కనే కూర్చునేవాడు, నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఒకసారి తప్పు జరిగింది. అమ్మ మీద పాట వేశారు. ఆ ఏడే తల్లి పోయిన అమ్మాయి మా క్లాసులో ఉంది. డెస్కు మీద తల వాల్చింది, మళ్లీ ఎత్తలేదు. సారు పాట మధ్యలో ఆపేశారు. సోమవారం వచ్చి అందరి ముందూ "తప్పు నాది" అన్నారు. ఒక అయ్యవారి నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. అప్పట్నుంచి పాటలు మేమే చీటీల మీద రాసిచ్చేవాళ్లం. ఏ పాట వేస్తారో ముందే చెప్పేవారు. వినలేమనుకున్న వాళ్లు వేపచెట్టు కిందికి పోవచ్చు, ఎందుకని అడగరు. (ముగ్గురు వీరులు ప్రతి శనివారం గోలీలతో అక్కడే తేలేవాళ్లు. పేర్లు వద్దులే, ఈ సంచికకు చందా ఇచ్చారు.)

ఇక నా సంగతి. బకింగ్‌హామ్ కాలువ అవతల నాయన రెండెకరాల్లో టైగర్ రొయ్య వేశాడు. రెండు పంటలు బాగా వచ్చాయి, ఇంట్లోకి మేమూ టేప్‌రికార్డర్ కొన్నాం. రాత్రి కాపలాకు పోతూ దాన్ని గుంట గట్టు మీదికి తీసుకుపోయేవాడు. ఆయిలింజను చప్పుడులో ఘంటసాల పాట ఒకటే తిప్పి తిప్పి వేసేవాడు. ఏ పాటో రాయను. రాస్తే మీరు మీ పాటగా వింటారు. తెల్లమచ్చ రోగం వచ్చి మూడు రోజుల్లో గుంటంతా తేలిపోయింది. అప్పు మిగిలింది. టేప్‌రికార్డర్ పోయింది, అమ్మ గాజులు పోయాయి. నాయన పాడటం కూడా పోయింది.

ఒక శనివారం ఎవరో చీటీలో ఆ పాటే రాశారు. నేను వేపచెట్టు కిందికి పోలేదు. ఎందుకు పోలేదో ఇప్పటికీ తెలియదు. నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాశాను: "గట్టు మీద ఉన్నాను, రొయ్యలన్నీ చచ్చిపోయాయి."

సారు ధైర్యం చెప్పలేదు, ఇంటికి రాలేదు, ఎవరికీ చెప్పలేదు. కింద ఎర్ర సిరాతో "చదివాను" అని రాసి తేదీ వేశారు. నాకు ఆ రోజు అది చాలింది.

2020 సెప్టెంబరు 25న బాలు పోయినప్పుడు మన వాట్సాప్ గ్రూపులో దండ వేసిన ఫొటోలు రాలేదు. కరోనాకు ఎవరిళ్లలో వాళ్లున్నాం. ఒక్కొక్కరే ఒక పాట పేరు, కింద అది విన్నప్పుడు తాము ఎక్కడుంటారో పెట్టారు. గోలీల వాళ్లు కూడా.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నాయనకు ఫోన్లో ఆ పాట పెట్టాను. కళ్లు మూసుకొని చివరిదాకా విన్నాడు. కాసేపటికి అన్నాడు:

"ఇంజను చప్పుడు లేకుండా ఏందోరా, బోసిగా ఉంది."