ట్రాక్ డేకి వెళ్లే రోడ్డు కారు: బ్రేక్ ప్యాడ్లు ఎలా ఎంచుకోవాలి

ట్రాక్ డేలకు (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజులకు) కొత్తగా వెళ్లేవాళ్లు చాలామంది ప్యాడ్ల పెట్టె మీదుండే గరిష్ఠ ఉష్ణోగ్రత చూసి కొనేస్తారు. ఎనిమిది వందల డిగ్రీలు తట్టుకుంటుందంటే మంచిదే కదా అనిపిస్తుంది. మీ కారు డిస్క్ (చక్రంతో పాటు తిరిగే, ప్యాడ్లు నొక్కి పట్టే ఇనుప పళ్లెం) ఎంత వేడెక్కుతుందో తెలియనప్పుడు ఆ అంకె దేనికీ పనికిరాదు. అందుకే ముందు వేడి లెక్క.

డ్రైవర్‌తో కలిపి 1,200 కిలోలుండే కారును తీసుకోండి. పోలో జీటీ దాదాపు ఇంతే. 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గిస్తే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 9 లక్షల జౌళ్లు. అందులో డెబ్బై శాతం ముందు చక్రాలదే, అంటే ఒక్కో ముందు డిస్క్‌కి 3 లక్షలు. డిస్క్ ఆరు కిలోల ఇనుమైతే, ఒక్క బ్రేక్‌కి దాని వేడి దాదాపు 100 డిగ్రీలు పెరుగుతుంది. అది చల్లారేలోపే తర్వాతి మలుపు వచ్చేస్తుంది. నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పితే డిస్క్ 400 డిగ్రీలు దాటడంలో వింతేమీ లేదు.

కంపెనీ నుంచి వచ్చే ఆర్గానిక్ ప్యాడ్లు ఈ వేడి కోసం చేసినవి కావు. 350 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేసరికి వాటిలోని పదార్థాలను పట్టి ఉంచే రెసిన్ మాడి గ్యాస్ వదులుతుంది, పట్టు పడిపోతుంది. అప్పుడు పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగదు. అదే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే తప్పు ప్యాడ్లది కాదు, బ్రేక్ ఆయిల్ మరిగింది. ఈ తేడా పట్టుకోకపోతే ఆయిల్ మార్చాల్సినచోట ఖరీదైన ప్యాడ్లు కొని, మళ్లీ అదే మలుపు దగ్గర అదే ఇబ్బంది పడతారు.

ప్యాడ్ వెనక రేకు మీదో అంచు మీదో ఎఫ్ఎఫ్, జీజీ లాంటి రెండక్షరాల కోడ్ ఉంటుంది. మొదటిది తక్కువ వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో పట్టు. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. కానీ ఆ పరీక్షలో 'ఎక్కువ వేడి' అంటే సుమారు 343 డిగ్రీలే. ట్రాక్ మీద కథ మొదలయ్యేది ఆ పైన. కాబట్టి జీజీ అని ఉన్నంత మాత్రాన అది ట్రాక్ ప్యాడ్ అయిపోదు. ప్యాడ్ల కంపెనీ ఇచ్చే ఉష్ణోగ్రత-ఘర్షణ గ్రాఫ్ అడగండి. గీత ఎంత ఎత్తులో ఉందన్నదానికంటే, వేడి పెరిగేకొద్దీ ఎంత సమంగా ఉందన్నదే ముఖ్యం. పట్టు ఎక్కువున్న ప్యాడ్ వేస్తే వేడి తగ్గదు, ఆ 9 లక్షల జౌళ్లు ఎటూ పోవు. కారు ఎంత దూరంలో ఆగాలన్నది చివరికి టైర్లు తేలుస్తాయి. మామూలు రోడ్డు టైర్ల మీద మరీ పదునైన, అంటే పట్టు ఎక్కువున్న ప్యాడ్ వేస్తే ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ముందే లేస్తుంది, అంతే.

పూర్తి రేస్ ప్యాడ్లు ఎందుకు వద్దంటే, మనలో ఎక్కువమంది కారును ట్రైలర్ మీద తీసుకెళ్లరు. హైదరాబాద్ నుంచి శ్రీపెరంబుదూరు దగ్గరున్న చెన్నై ట్రాక్‌కి ఆరొందల కిలోమీటర్ల పైమాటే. ఆ దూరమంతా అవే ప్యాడ్లతో నడపాలి, తిరిగి రావాలి. తెల్లవారుజామున చల్లటి డిస్క్‌తో హైవే మీద వెళ్తుంటే గేదె అడ్డొచ్చినప్పుడు, వేడెక్కితేగానీ పట్టని ప్యాడ్ ప్రాణం మీదికి తెస్తుంది. పైగా చల్లగా ఉన్నప్పుడు అది డిస్క్‌ని గీకి అరగదీస్తుంది, కీచుమంటుంది, దాని ఇనుప పొడి చక్రాలకు అతుక్కుని తుప్పు మరకలు పెడుతుంది.

రోడ్డు కారుకి, రోడ్డు టైర్లకి, 15-20 నిమిషాల సెషన్లకి నేను సూచించేది ఫెరోడో డీఎస్ 2500 తరగతి ప్యాడ్లు: చల్లగానూ పడతాయి, 500 డిగ్రీల దాకా నిలబడతాయి. చెన్నైలో ల్యాప్ 3.7 కిలోమీటర్లు, చిన్న కారుకి ఇవి చాలు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో వెనక స్ట్రెయిట్ (మలుపుల్లేని భాగం) ఒక్కటే కిలోమీటరు పైన ఉంటుంది. బరువైన, పవర్ ఎక్కువున్న సెడాన్‌తో అక్కడికి వెళ్తే ఒక మెట్టు పైకెక్కి, ట్రాక్ దగ్గరే ప్యాడ్లు మార్చుకునేలా రెండో సెట్ పెట్టుకోవాలి. ముందు ప్యాడ్లు మాత్రమే బాగా పదునైనవి వేస్తే బ్రేక్ బలమంతా ముందుకే జరుగుతుంది. దానికంటే ప్రమాదం వెనక డిస్క్‌లున్న కారుకి వెనక ముందుకంటే పదునైనవి వేయడం: బ్రేక్ వేయగానే కారు వెనక భాగం తిరిగిపోతుంది. వెనక డ్రమ్ములుంటే షూలు మంచివి వేసి సరిగ్గా అడ్జస్ట్ చేయించండి, చాలు.

ప్యాడ్ల కంటే ముందు ఆయిల్ మార్చండి. బ్రేక్ ఆయిల్‌కి ఉండే డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది, మన కోస్తా గాలిలో తేమకి కొదవలేదు. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పాతదంతా తీయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లోని ఎయిర్ తీయించండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్ జోలికి మాత్రం వెళ్లొద్దు, పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు.

బిగించేటప్పుడు కాలిపర్ (ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే భాగం) స్లైడ్ పిన్నులు బయటికి తీసి తుడిచి, బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజు రాయాలి. పిన్ను ఇరుక్కుంటే ప్యాడ్ ఒక పక్కే అరిగి ఏటవాలుగా తయారవుతుంది. డిస్క్ అంచున కనీస మందం చెక్కి ఉంటుంది, దానికి దగ్గరపడితే డిస్క్ కూడా మార్చాల్సిందే. పాత డిస్క్ మీద పాత ప్యాడ్ పొర ఉంటుంది కాబట్టి 120 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడగండి.

ఆ తర్వాత బెడ్డింగ్, అంటే కొత్త ప్యాడ్లను డిస్క్‌కి అలవాటు చేయడం. ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 30 కిలోమీటర్ల వేగానికి ఎనిమిది పదిసార్లు, ప్రతిసారీ కాస్త గట్టిగా తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఆనక పది నిమిషాలు బ్రేక్ ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. వేడి మీద పెడల్ తొక్కిపట్టి నిలబెడితే ప్యాడ్ అచ్చు డిస్క్ మీద పడుతుంది. ఆ అదురు చూసి డిస్క్ వంగిందనుకుని డబ్బు తగలేసేవాళ్లు ఎందరో. ట్రాక్ దగ్గరా ఇదే సూత్రం: చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పండి. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగకుండా గేర్‌లో వదిలి, చక్రం కింద దిమ్మ పెట్టండి.

మొదటి రోజుకి ప్యాడ్ మందం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. పల్చబడ్డ ప్యాడ్ వేడిని నేరుగా కాలిపర్‌లో తనను తోసే పిస్టన్‌కి, అక్కడినుంచి ఆయిల్‌కి దాటిస్తుంది. వేడి ఎంతో ఊహించక్కర్లేదు, డిస్క్ అంచున వేడికి రంగు మారే పెయింట్ చుక్కలు పెట్టండి. ఒక సెషన్ తర్వాత ఏ చుక్క మారిందో చూస్తే తర్వాతి సెట్ ఏ తరగతిదో తేలిపోతుంది. ప్రతి సెషన్ మధ్యా ప్యాడ్ అంచులు బూడిదరంగులో పెళ్లలుగా రాలుతున్నాయా, పిస్టన్ రబ్బరు మాడిందా, డిస్క్ మీద పగుళ్లున్నాయా చూడండి. వెంట్రుకంత సన్నటి గీతలు పర్వాలేదు. పగులు అంచు దాకా వస్తే ఆ డిస్క్‌తో ఇంకో ల్యాప్ కూడా వద్దు.