తీగ మంచిదే, జాయింటే దొంగ

నేను యూనివర్సిటీలో ఏం చేస్తాండానో మా నాయనకు చెప్పడానికి మూడేండ్లు పట్టింది. గ్రాఫీన్ అంటే పెన్సిల్లో ఉండే గ్రాఫైట్‌లో ఒక్క పొర నాయనా అంటే "పెన్సిల్‌కి గూడా స్కాలర్‌షిప్ ఇస్తారా" అని నవ్వినాడు. పోయిన ఎండాకాలం శింగనమల పక్క మా చేన్లో మోటర్ ఆడకపోతే స్టార్టర్ మూత తీసినాడు, లోపల పాయింట్లు నల్లగా మాడిపోయి ఉండాయి, ఎమ్రీ పేపర్ ముక్క పెట్టి రుద్దుతా రుద్దుతా "తీగ బాగుండాది, మోటర్ బాగుండాది, రెండూ కలిసే కాడనే కరెంటు సచ్చిపోతాది" అన్నాడు. నాయనా, నా థీసిస్ అంతా ఇదే అన్నా.

నిజంగా ఇదే. గైమ్, నొవొసెలోవ్ అనే భౌతికశాస్త్రవేత్తలు 2004లో టేపుతో గ్రాఫీన్ ఊడదీసినప్పటి నుంచి అందరూ దాంట్లో ఎలక్ట్రాన్లు ఎంత జోరుగా పరిగెత్తుతాయో చెప్పేవాళ్లే. కానీ దాంట్లోకి కరెంటు పంపాలంటే పైన ఏదో ఒక లోహం కూర్చోబెట్టాలి కదా, అక్కడ మొదలైతాది తంటా. లోహంలో ఎలక్ట్రాన్లు జాతరలో జనం మాదిరి ఉంటాయి, గ్రాఫీన్‌లో డిరాక్ పాయింట్ (ఎలక్ట్రాన్లకు చోట్లు దాదాపు సున్నా అయ్యే శక్తి మట్టం) దగ్గర చూస్తే వాటికి కూర్చునే చోటే ఉండదు. దానికి తోడు ఒక్కో లోహానిది ఒక్కో తత్వం. నికెల్, కోబాల్ట్ గట్టిగా అతుక్కుని కింది గ్రాఫీన్ స్వభావాన్నే మార్చేస్తాయి, బంగారం మెల్లగా పైన కూర్చుని ఎలక్ట్రాన్లు లాక్కుంటాది, అల్యూమినియం, రాగి తామే ఎలక్ట్రాన్లు ఇస్తాయి.

కొలిచే పద్ధతి మాత్రం సులువే. ఒకే గ్రాఫీన్ పట్టీ మీద లోహం ప్యాడ్లు వరసగా, మధ్య దూరం పెంచుకుంటా పెడతాం. నావి 2, 4, 8, 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పట్టీ వెడల్పు 10. ఒక్కో సందుకు రెసిస్టెన్స్ కొలిచి దూరంతో గ్రాఫ్ గీస్తే సరళరేఖ రావాల, దూరం సున్నా కాడికి ఆ గీతను పొడిగిస్తే మిగిలేది రెండు జాయింట్ల రెసిస్టెన్స్. దీన్నే టిఎల్ఎమ్ (ట్రాన్స్‌ఫర్ లెంగ్త్ మెథడ్) అంటారు, పదో తరగతి పిల్లోడు గూడా గీస్తాడు.

నాకు మైనస్ 40 ఓమ్‌లు వచ్చింది.

జాయింట్ కరెంటును అడ్డుకోకుండా ఎదురు తోస్తాండాదంట! రెండు రోజులు ప్రోబ్ సూదులు మార్చినా, కేబుళ్లు మార్చినా, బెంగళూరు క్లీన్ రూమ్‌లో చేసుకొచ్చిన డివైసులే చెడిపోయినాయేమో అని భయపడినా (బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చింటి, సీటు పక్కన పెట్టడానికి గూడా ధైర్యం చాల్లేదు). చివరికి తప్పు నాదే. అన్ని సందులనూ ఒకే గేట్ వోల్టేజ్ (గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు ఎన్ని ఉండాలో పెంచే తగ్గించే వోల్టేజ్), 40 వోల్టుల దగ్గర కొలిచినా. గాలిలో తేమకు, పైన మిగిలిన రెసిస్ట్ (డివైస్ చేసేటప్పుడు పూసే పాలిమర్) జిడ్డుకు ఒక్కో చోట డిరాక్ పాయింట్ ఒక్కో తావుకు జరిగింటాది, చిన్న సందులో 12 వోల్టుల దగ్గర, పెద్దదాంట్లో 25 దగ్గర. అంటే చిన్నదాంట్లో ఎలక్ట్రాన్లు ఎక్కువ, పెద్దదాంట్లో తక్కువ, గీత ఏటవాలు పెరిగిపోయి సున్నా కిందికి దిగింది. ప్రతి సందునూ దాని డిరాక్ పాయింట్ నుంచి 30 వోల్టులు అవతల కొలిస్తే బుద్ధిగా 280, 400, 640, 1120 ఓమ్‌లు. గీత సున్నా దగ్గర 160, అంటే జాయింట్‌కు 80. 2 మైక్రాన్ల డివైసులో సగానికి పైగా రెసిస్టెన్స్ జాయింట్లదే, నేనేమో అన్ని రోజులూ గ్రాఫీన్‌ను తిట్టుకుంటా ఉండినా.

ఇంక జాయింట్ కింద కరెంటు ఎట్ల పోతాదో చెప్పే మోడల్ సంగతి. ప్యాడ్ కింద కరెంటు అంతా ఒకేసారి పైకి ఎక్కదు. మన డ్రిప్ పైపు అనుకోండి, రంధ్రాలు పెద్దవైతే మొదటి నాలుగు చెట్లకే నీళ్లన్నీ, చివరి చెట్టు ఎండిపోతాది, రంధ్రాలు సన్నవైతే నీళ్లు దూరం పోతాయి. గ్రాఫీన్ పైపు, లోహంలోకి ఎక్కే దారులు రంధ్రాలు. నా లెక్కలో ఆ దూరం సుమారు 1.3 మైక్రాన్లు, ప్యాడ్ ఇంకెంత పొడుగు చేసినా మిగతాది దండగే. అయితే లోహం కింద ఉన్న గ్రాఫీన్‌ది, బయటిదీ ఒకే షీట్ రెసిస్టెన్స్ (ఒక చదరపు ముక్క రెసిస్టెన్స్) అనుకుంటేనే ఈ లెక్క, నికెల్ లాంటివాటికి ఆ మాటే అబద్ధం, ఈ ముక్క చెప్పకుండా ఆ దూరాన్ని మూడు దశాంశాల దాకా రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతాది. వెడల్పు చెప్పకుండా ఉత్త ఓమ్‌లు రాసేవాళ్లు ఇంకో రకం, వెడల్పుతో గుణించకపోతే దేంతో పోల్చాలప్పా?

గుణిస్తే నాది 800 ఓమ్-మైక్రాన్లు. ఐబీఎం వాళ్లు 2011లోనే పల్లాడియంతో మామూలు గది వేడిలో 185కు దించినారు. చదరపు సెంటీమీటరుకు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటే క్వాంటమ్ లెక్క ప్రకారం రెండు జాయింట్లకు కలిపి సుమారు 114 కంటే కిందికి దిగదు, అంటే ఒక్కోదానికి 57 చిల్లర. నేను ఇంకా శానా దూరంలో ఉండా.

మొన్న ఫోన్లో నాయన, "మరి నువ్వు గూడా ఎమ్రీ పేపరు పెట్టి రుద్దకూడదా" అన్నాడు. ఆ పొర మందం 0.335 నానోమీటర్లు నాయనా, రుద్దితే ఏం మిగలదు అని నవ్వేసినా. ఫోన్ పెట్టినాక గుర్తొచ్చింది, లోహం వేసే ముందు గ్రాఫీన్‌లో కావాలనే సన్నసన్నగా కోతలు పెడితే ఆ అంచుల దగ్గర లోహం బాగా పట్టుకుని రెసిస్టెన్స్ తగ్గుతాదని ఇంతకుముందే కొందరు చేసి చూపించినారు. వచ్చే బ్యాచ్‌లో సగం డివైసులకు కోతలు పెట్టిస్తాండా. నాయనకు ఇంకా చెప్పలేదు.