ఊరి నుంచి అమ్మానాన్నలొస్తే బెంగళూరులో హెల్త్ చెకప్

కడప నుంచో అనంతపురం నుంచో రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి మడివాళలో దిగి, ముఖం కడుక్కుని నేరుగా ఆసుపత్రికి. పెద్దవాళ్లకు చెకప్ ఇలా చేయించకండి. నిద్ర లేకపోతే బీపీ, షుగర్ రెండూ మామూలు కంటే పైకి చూపించవచ్చు. ఒక రోజు ఇంట్లో కడుపునిండా తిననిచ్చి, కంటినిండా పడుకోనిచ్చి, మర్నాడు తీసుకెళ్లండి. రిపోర్టులో తేడా కనిపిస్తే అన్నిసార్లూ రోగమే కారణం కాదు. ముందు రోజు, ఆ ఉదయం జరిగిన చిన్న పొరపాట్లు కూడా అంకెల్ని మార్చేస్తాయి.

రాత్రి ఎనిమిదిన్నరకల్లా భోజనం ముగిస్తే ఉదయం ఏడింటికి పదిన్నర గంటలవుతుంది, అది చాలు. పరగడుపు అంటే మంచినీళ్లు మానేయడం కాదు. నీళ్లు తాగకుండా వస్తే నరం దొరకక రెండు మూడు చోట్ల పొడవాల్సి వస్తుంది. కాఫీ, పాలు, మజ్జిగ మాత్రం వద్దు. షుగర్ మాత్ర, ఇన్సులిన్ పరగడుపున వేయకూడదు, వెంట తీసుకెళ్లి టిఫిన్‌తో వేయాలి. బీపీ మాత్ర మామూలుగా నీళ్లతో వేసుకోవచ్చు గానీ, గుండె కోసం చేసే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా ఉంటే డాక్టరును ముందే అడగండి. థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాక వేసుకుంటే మేలు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందే ఆపండి. థైరాయిడ్ బాగానే ఉన్నా ఎక్కువగా పనిచేస్తున్నట్టు రిపోర్టు రావడానికి ఆ మాత్ర ఒక్కటి చాలు.

రక్తం తీసేటప్పుడు ట్యూబుల మూతలు గమనించండి. ఊదా మూతది రక్తకణాల లెక్కకు, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీకి. పసుపు లేదా ఎరుపు మూతది కొలెస్ట్రాల్, కిడ్నీ, లివర్, థైరాయిడ్ పరీక్షలకు. బూడిద రంగు మూతది షుగర్‌కు, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. ఎందుకంటే ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా రక్తకణాలు గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అలాగే వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా షుగర్ పడిపోతుంది. ఫ్లోరైడ్ ఆ తగ్గుదలను అరికడుతుంది, కానీ పూర్తిగా పనిచేయడానికి దానికీ కొంత సమయం పడుతుంది. ఇంటికొచ్చి తీసుకెళ్లిన శాంపిల్ సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో నిలిచిపోతే ఎంత తేడా వస్తుందో ఊహించుకోండి. అందుకే ఇంటి దగ్గర ఇచ్చేటట్టయితే ఆరూ ఆరున్నరకే రమ్మనండి. ఇంకొకటి, పట్టీ కట్టాక పిడికిలి పదేపదే బిగించి వదిలితే పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి మూసి ఉంచితే చాలు.

ఆ తర్వాత వరుస చాలా ముఖ్యం. ముందు మూత్రం శాంపిల్ ఇచ్చేయాలి, మొదటి ధార వదిలి మధ్యలోది పట్టాలి. వెంటనే మూడు నాలుగు గ్లాసుల నీళ్లు తాగితే గంటలో పొట్ట స్కానింగ్‌కు మూత్రాశయం నిండుతుంది. స్కానింగ్ అయ్యేదాకా టిఫిన్ తినకూడదు, తింటే పిత్తాశయం ముడుచుకుని రాళ్లు సరిగా కనిపించవు. టిఫిన్ తర్వాతి షుగర్‌కు రెండు గంటల లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టిన క్షణం నుంచి మొదలవుతుంది. పరీక్ష ఉందని ఒక్క ఇడ్లీతో సరిపెట్టుకోకుండా రోజూ తినేంత తినమనండి.

బీపీ మాత్రం మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు చూడనివ్వకండి, పైకి పోతుంది. ఐదు నిమిషాలు మాటలు లేకుండా, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి కూర్చోవాలి. బీపీ పట్టీ చొక్కా చేతి మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి. నిమిషం ఆగి రెండోసారి కూడా చూడమనండి. హడావిడిలో ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ప్యాకేజీలో ఎన్ని పరీక్షలున్నాయన్నది లెక్కలోకి తీసుకోకండి. ల్యాబ్ ఇచ్చే మామూలు హద్దులు ఆరోగ్యవంతుల్లో 95 శాతం మందిని బట్టి వేసినవి. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఇరవైమందిలో ఒకరు ఆ హద్దు దాటుతారు. ఇక యాభై పరీక్షలు చేయిస్తే ఒకటి రెండు చోట్ల హద్దు దాటినట్టు నక్షత్రం గుర్తు పడకపోతేనే వింత. ఏ లక్షణమూ లేనివాళ్లకు సీఏ125, సీఈఏ లాంటి క్యాన్సర్ మార్కర్లు అనవసరమైన భయాన్ని తెచ్చిపెడతాయి. ఆ డబ్బుతో అమ్మకు మామోగ్రామ్, పాప్ స్మియర్ గురించి, నాన్నకు కళ్లు, పళ్ల గురించి డాక్టరును అడగండి.

పరగడుపు షుగర్ 100 లోపు మామూలు, 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మళ్లీ పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. హెచ్‌బీఏ1సీకి ఆ హద్దులు 5.7, 6.5. అయితే ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లకు ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ అంకెతో కలిపి చదవాలి. నడుం చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఖర్చు భారమైతే దగ్గర్లోని ప్రభుత్వ నమ్మ క్లినిక్‌లో ముప్పై దాటినవారికి బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఆదాయపు పన్ను లెక్కలో చెకప్‌కు 5,000 రూపాయల దాకా మినహాయింపు చూపించుకోవచ్చు, నగదుగా కట్టినా చెల్లుతుంది. బిల్లు భద్రంగా ఉంచండి.

పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు సంచిలో వేసుకోండి. తెలుగు వచ్చే డాక్టరు కావాలని బుకింగ్ అప్పుడే అడగండి, ఎక్కడ నొప్పో అమ్మ తన మాటల్లోనే చెప్పుకుంటుంది. అన్ని రిపోర్టులూ అదే రోజు రావు. తిరుగు బస్సు టికెట్ మాత్రం డాక్టరును కలిసే రోజు ఖాయమయ్యాకే తీయండి.