కవరు చూసుకుని పుస్తకం కుట్టండి

చేత్తో చేసిన బొమ్మల పుస్తకాలను టపాలో ఇచ్చిపుచ్చుకునేవాళ్లు చాలామంది ముందు పుస్తకం చేసేసి, ఆ తర్వాత దానికి కవరు వెతుక్కుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. అనంతపురంలో కుట్టిన పుస్తకం టపా సంచిలో బరువైన పార్సిళ్ల కింద నలగాలి, మే నెల ఎండలో బండిలో ఉడకాలి, చివరికి విశాఖ ఉక్కపోతను తట్టుకోవాలి. అందుకే కొలత, బరువు ముందు తేల్చుకోండి. బొమ్మ తర్వాత.

ఏ4 కాగితాన్ని సగానికి మడిచి ఏ5 పుస్తకం చేయడం అందరికీ అలవాటు. కానీ ఏ4లో సాధారణంగా పీచు పొడుగు వైపు పరుచుకుని ఉంటుంది. సగానికి మడిస్తే మడత దానికి అడ్డం పడుతుంది. కాగితం మందమైతే వెన్ను దగ్గర పొర చిట్లుతుంది, మూసినా పుస్తకం నోరు తెరుచుకునే ఉంటుంది. అదే ఏ4ను ముందు రెండుగా కోసి ఆ ముక్కల్ని మడిస్తే ఏ6 వస్తుంది, 105 × 148 మిల్లీమీటర్లు. ఇక్కడ మడత పీచు వెంబడే పోతుంది. అనుమానమొస్తే కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే మడత అటే.

120 జీఎస్ఎం (చదరపు మీటరుకు 120 గ్రాములు తూగే) ఏ4 ఒక్కోటి 7.5 గ్రాములు. నాలుగు షీట్లకు 16 ఆకులు, అంటే 32 పేజీలు, 30 గ్రాములు. 300 జీఎస్ఎం అట్టకు ఇంకో తొమ్మిది. కవరు కూడా కలిస్తే 50 గ్రాముల గీత మీద ఊగుతుంది. స్పీడ్ పోస్టులో మొదటి మెట్టు 50, తర్వాతది 250. 50 దాటాక అదే ఊరికి 60 గ్రాములైనా 240 అయినా ఛార్జీ ఒకటే. కాబట్టి బరువు తగ్గించాలని కవరులో పెట్టే గట్టి అట్టను తీసేయడం వట్టి పిసినారితనం. పుస్తకాల కోసం తపాలా శాఖ 2025లో తెచ్చిన జ్ఞాన్ పోస్ట్ చవకే గానీ, ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉన్న అచ్చు పుస్తకాలకే. చేతి పుస్తకానికి అది కుదరదు.

కుట్టుకు మూడు చిల్లులు చాలు: మధ్యలో ఒకటి, పైనా కిందా అంచుకు 20 మిల్లీమీటర్ల లోపలగా ఒక్కోటి. 45 సెంటీమీటర్ల దారాన్ని తేనెమైనం మీద రెండుసార్లు లాగండి. పూలు కట్టే దారం వద్దు, తెగుతుంది. లోపలి నుంచి మధ్య చిల్లులో బయటికి, పై చిల్లులో లోపలికి, మధ్యను వదిలేసి కింది చిల్లులో బయటికి, మళ్లీ మధ్యలో లోపలికి. దారం రెండు కొసలూ ఆ పొడుగు కుట్టుకు చెరో పక్కన ఉండాలి. ఒకే పక్కన ఉంటే ముడి దేన్నీ పట్టుకోదు. బిగించేటప్పుడు వెన్ను వెంబడి లాగండి, పైకి లాగితే కాగితం చీరుకుపోతుంది.

పుస్తకానికి గట్టి అట్ట వేసేవాళ్లకు మైదా జిగురే మేలు: ఒక వంతు మైదాకు ఐదు వంతుల నీళ్లు, గరిట నుంచి జారేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటుంది. అది విషం, పైగా పట్టు మీద పచ్చమరక దిగుతుంది. దానికన్నా ఏ రోజుది ఆ రోజే ఉడికించుకోవచ్చు. మన ఎండలకు జిగురు పూస్తూ ఉండగానే ఆరిపోతుంది, ఫ్యాన్ ఆపండి. తడిసిన కాగితం సాగుతుంది, ఆరుతూ ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది. అందుకే లోపలి వైపు కూడా కాగితం అంటించాలి, రెండు వైపుల లాగుడూ సమానమవుతుంది. తర్వాత రాత్రంతా కడప బండ కింద పెట్టండి. అడుగు చదరం, అంగుళం మందం ముక్క ఆరు కిలోల పైనే తూగుతుంది, మధ్యలో వెన్న కాగితం మరవద్దు. ఇంతకన్నా చవకైన ప్రెస్ రాయలసీమలో లేదు.

ధర్మవరం పట్టు ముక్క అట్టకు వేయాలంటే ముందు దాని వెనక పల్చటి కాగితం అంటించి ఆరనివ్వండి, లేకపోతే జిగురు పైకి ఊరుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల మేకతోలు ముక్కైతే అసలు అంటించొద్దు. అది గాలిలో తేమకు మెలికలు తిరుగుతుంది, ఒక అంచున కుట్టి వదిలేయండి. గ్లూ గన్ వాడారా, ఎండలో నిలిపిన బండిలో అది మెత్తబడి ఊడొస్తుంది.

టపా కవరు గుడ్డ అంటించినదైతే మంచిది. పుస్తకం లోపల కదిలితే మూలలు చితుకుతాయి. కవరుకు సరిపడా అట్ట కోసి, కాగితపు పట్టీలతో పుస్తకం నాలుగు మూలల్నీ దానికి కట్టేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపండి.

పదిమంది మార్చుకుంటుంటే తలా పది ప్రతులు. ఎవరికి వారు అందరికీ పంపితే 90 కవర్లు. ఒకరిని నిర్వాహకులుగా పెట్టుకుంటే మిగతా తొమ్మిదిమందీ తొమ్మిదేసి ప్రతులు వారికి కట్ట కట్టి పంపుతారు, తిరిగి తొమ్మిది కట్టలు బయల్దేరతాయి. మొత్తం 18. తిరుగు ఛార్జీ ముందే వసూలు చేయాలి, కొలత గరిష్ఠంగా ఏ6 అని ముందే చెప్పాలి. ఒక్కరు పెద్దది పంపినా అందరి కవర్లూ మారతాయి. ఆఖరి పేజీలో పేరు, సంవత్సరం, పది ప్రతుల్లో మూడోదైతే 3/10 అని పెన్సిల్‌తోనే రాయండి. స్కెచ్ పెన్ చెమ్మకు అలుక్కుపోతుంది.