టేపు వెనకవైపు సెంటీమీటర్లు

పోయినేడు జూన్‌లో బళ్ళు తెరిచే ముందు మా పాపకు యూనిఫాం కుడదామని కొలతలు తీశాను. కావలిలో మాది చిన్న కుట్టు షాపు. పదిహేనేళ్ళుగా నా మెళ్ళో టేపు వేలాడతానే ఉంటుంది. ఆ పొద్దు కుడి పిక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎడమ పిక్క కంటే పావించీకి పైనే లావుంది. తప్పు తీశానేమోనని ఇంకోసారి తీశాను. అంతే వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, సెలవులకు ముందు పాప బడి నుంచి వచ్చి మేజోళ్ళు విప్పితే కుడికాలి మీద ఎలాస్టిక్ గీత రాత్రి అన్నాల వేళకు కూడా పోయేది కాదు. ఎడమకాలి మీద అరగంటకే మాసిపోయేది. రోజూ చూస్తానే ఉన్నా, పట్టించుకోలేదు.

వెనక జరిగింది చెప్పాలి. పాపకు ఐదేళ్ళప్పుడు న్యుమోనియా ముదిరి ఐసీయూలో పెట్టాల్సొచ్చింది. చేతులకు నరం దొరక్క, గజ్జల్లో కుడివైపు పెద్ద రక్తనాళంలోకి సెంట్రల్ లైన్, అంటే మందులెక్కించే సన్నటి గొట్టం, వేశారు. ఆ లైను వెయ్యకపోతే పిల్ల దక్కేది కాదు, అందులో నాకే అనుమానమూ లేదు. నాలుగో రోజుకు ఆ కాలు తొడ దగ్గర్నుంచీ వాచి నీలంగా తిరిగింది. నరాల్లో రక్తం పారే తీరు చూపించే డాప్లర్ స్కాన్ తీసి, లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. పిల్లకాయల కాళ్ళలో చేతుల్లో ఇట్లా గడ్డలు కట్టడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ లైన్లేనంట. ఇంటికొచ్చాక గడ్డ పెరక్కుండా ఆపే ఎనాక్సాపారిన్ సూదులు నేనే వేశాను. 17 కిలోల పిల్లకు 17 మిల్లీగ్రాములు, పొద్దున ఏడింటికొకటి, రాత్రి ఏడింటికొకటి, మూడు నెలలు. ఆఖరి డాప్లర్ చూసి అక్కడి డాక్టరు, “నరం తెరుచుకుంది, ఇంక రానక్కర్లేదు” అన్నాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అత్తమ్మ నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆరోగ్య రొట్టె పట్టుకుంది. మరుసటేడు పోయి వదిలేసి వచ్చింది కూడా. మా ఇంట్లో అందరి లెక్కలో ఆ జబ్బు అక్కడితో తీరిపోయింది.

అందుకే పాప “కాలు బరువుగా ఉందిమా” అన్నా, రాత్రిళ్ళు “లాగతా ఉంది” అన్నా, ఆ పాత జబ్బుకూ దీనికీ ముడిపెట్టాలని ఎవరికీ తోచలేదు. ఊళ్ళో చూపిస్తే ఎదిగే నొప్పులన్నారు. నాకిప్పుడు తెలిసిన మాట ఒకటుంది: ఎదిగే నొప్పులు మామూలుగా రెండు కాళ్ళకూ వస్తాయి. ఎప్పుడూ ఒకే కాలు అంటుంటే, అందులోనూ ఒకప్పుడు గడ్డకట్టిన కాలే అయితే, ఆ మాటతో సరిపెట్టుకుని ఇంటికి రాకూడదు.

టేపు చూపించిన తేడా మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. పాత ఫైలంతా వెతికి, వారం తిరక్కుండా పొద్దున్నే పినాకిని రైలెక్కి చెన్నై పోయాం. అక్కడ పిల్లల రక్త జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గర నంబరు దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె ముందు ఫైలు చూడలేదు. పాపను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టింది. మోకాలి చిప్ప దగ్గర్నుంచి పైకి 10 సెంటీమీటర్లు, కిందికి 10 సెంటీమీటర్లు కొలిచి, రెండు కాళ్ళకూ పెన్నుతో చుక్కలు పెట్టింది. ఆ చుక్కల మీదే టేపు చుట్టింది. నేను చూస్తా ఉన్నా. బట్టకు కొలిచేటప్పుడు మేం వేలు పట్టేంత లూజు వదుల్తాం. ఆమె టేపు చర్మానికి ఆనింది, నొక్కలేదు, వదల్లేదు. కుడి పిక్క 24.8, ఎడమ 23.9.

“ఇంట్లో నువ్వు దేంతో కొలిచావమ్మా?” అనడిగింది. నా సంచిలో టేపు తీసి ఇచ్చాను. ఇంచీల వైపు నా వేళ్ళకు అరిగిపోయి ఉంది. ఆమె దాన్ని తిప్పింది. వెనకవైపు సెంటీమీటర్లు, కొత్త టేపులాగా మెరుస్తున్నాయి. పదిహేనేళ్ళలో ఆ వైపుతో నాకు పని పడలేదు. “పాత టేపు సాగుతుంది, కొత్తది కొనుక్కో. ఇక నుంచి ఈ వైపు చూడు” అంది.

తర్వాత ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టి, గుంట పడుతుందా అని చూసింది. పడలేదు. చర్మం రంగు మారిందా, ఎక్కడైనా పుండు పడిందా అని మడమ దాకా చూసింది. అట్లాంటివేం లేవు. గజ్జల దగ్గర, పొట్ట కిందివైపు సన్నగా నీలం నరాలు పైకి తేలి ఉన్నాయి. రోజూ నీళ్ళు పోసే నేను వాటిని తెల్లతోలు మీద కనపడే మామూలు నరాలే అనుకున్నాను. లోపల దారి సరిగ్గా లేనప్పుడు రక్తం పక్కదారులు చేసుకుంటుంది, అవే ఇవి అని చెప్పింది.

“నొప్పేమన్నా ఉందా?” అనడిగితే నేనే, “పెద్దగా ఏం లేదు మేడమ్, అప్పుడప్పుడు అంటుంది” అన్నాను. ఆమె నన్ను ఆగమని, పాపను మా ఆయనతో రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగి రమ్మని పంపింది. వచ్చాక ఆరు ముఖాల బొమ్మలున్న అట్ట ముందు పెట్టింది. మొదటి ముఖం నవ్వుతుంటుంది, ఆఖరిది ఏడుస్తుంటుంది. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు నీ కాలు ఏ ముఖం అనడిగితే పాప మొదటిది చూపించింది. ఇప్పుడు, మెట్లెక్కాక? పాప వేలు నాలుగో ముఖం మీద పెట్టి, నా వైపు చూసింది. నాకు నోట మాట రాలేదు. బడిలో ఆటల పీరియడ్‌లో ఏం చేస్తావని అడిగితే, “కూర్చుంటా” అంది. ఆ సంగతి నాకు తెలియదు. బడిలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చిన్నపిల్లలు నొప్పి అనరంట, ఆడటం మానేస్తారంట. అందుకే కూర్చున్నప్పుడు, పనులు చేసుకునేటప్పుడు, పరిగెత్తాక, మూడింటికీ విడివిడిగా, అదీ పిల్లనే అడగాలని చెప్పింది.

దీన్ని పోస్ట్ థ్రాంబోటిక్ సిండ్రోమ్ అంటారంది. ఆమెది మన వైపే కాబట్టో ఏమో కాలువ పోలిక చెప్పింది. కాలువలో పూడిక తీస్తే నీళ్ళు పారతాయి, కానీ పూడిక ఉన్నన్నాళ్ళూ తూము తలుపులు దెబ్బతింటే నీళ్ళు వెనక్కి తంతాయి. కాలి నరాల్లో రక్తాన్ని పైకే పంపే కవాటాలుంటాయి. గడ్డ కరిగినా అవి పాడైతే రక్తం కిందికి జారి, సాయంత్రానికి కాలు బరువెక్కుతుంది. గడ్డ పోయిన కొన్ని నెలలకు రావచ్చు, ఏళ్ళకూ రావచ్చు. మరుసటి రోజు తీసిన డాప్లర్‌లోనూ అదే కనపడింది: దారి తెరుచుకునే ఉంది, గోడ మందమై ఉంది, రక్తం కొంత వెనక్కి వస్తోంది.

ఇది ఏ మేరకు ఉందో లెక్కగట్టడానికి పిల్లలకని రెండు ముఖ్యమైన పద్ధతులున్నాయంట. మాంకో జాన్సన్ పద్ధతిలో వాపుకు తేడా 1 సెంటీమీటరు దాటాలి. మా పాపది 0.9. పిల్లలకోసం మార్చిన విల్లాల్టా పద్ధతిలో 3 శాతం దాటితే చాలు, మా పాపది 4 శాతం దగ్గర. అంటే ఒక చీటీలో వాపు లేదు, ఇంకో చీటీలో ఉంది. అదెట్లా అనడిగితే, అందుకే ఒక్క కొలత చూసి తేల్చకూడదు, ఒకే చేత్తో ఒకే పద్ధతిలో ఏళ్ళ తరబడి చూడాలంది. మామూలు పిల్లలకు కూడా రెండు కాళ్ళకూ కొంచెం తేడా ఉంటుందంట. విల్లాల్టా లెక్కలో కొలతకొకటి, పక్క నరాలకొకటి, నొప్పికొకటి, మొత్తం 3 వచ్చాయి. 1 నుంచి 3 దాకా తేలిక, 4 నుంచి 8 మధ్యస్థం, ఆపైన తీవ్రం.

తేలిక అన్న మాట వినగానే మా ఆయన చేతులు జోడించాడు. నాకు మాత్రం కోపం వచ్చింది, చెన్నై డాక్టరమ్మ మీద కాదు. సూదులు ఆపిన రోజు ఎవరైనా “ఆర్నెల్లకోసారి కాలు కొలిపించండి, సాయంత్రం పూట వాపు చూడండి” అని ఒక్క మాట చీటీ మీద రాసిచ్చుంటే, పాప ఏడాదిపాటు ఆటలప్పుడు ఒక పక్కన కూర్చునేది కాదు. మీ పిల్లలకు గడ్డ మందు ఆపేసే రోజు వస్తే, లేచి రాబోకండి. మళ్ళీ ఎప్పుడు చూపించాలి, ఏమేం చూసుకోవాలి, అడిగి రాయించుకోండి.

వైద్యం పెద్దదేం కాదు. ఆడనివ్వమన్నారు, అది మొదటి మాట. ఆడితే చెడిపోతుందని నేను భయపడ్డాను, ఆడకపోతేనే చెడ్డదంట. బరువు పెరగకుండా చూసుకోమన్నారు. కాలు బరువెక్కే రోజుల్లో వేసుకోమని కుడికాలికి బిగుతు మేజోడు రాశారు. పిల్లల సైజు దొరకడం కష్టం. పిల్ల ఎదిగేకొద్దీ మళ్ళీ కొలిచి కొత్తది కొనాలి, చిన్నదైపోయినదాన్ని తొడిగితే చెరుపే. ఇంకెప్పుడు ఆపరేషన్ అన్నా, మళ్ళీ లైన్ వెయ్యాలన్నా, పెద్దయ్యాక హార్మోను మాత్రలు రాసినా, ఈ గడ్డ సంగతి ముందు చెప్పాలని ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయించాను.

ఇప్పుడు నెలకోసారి, ఆదివారం సాయంత్రం, ఇంట్లో ఒకే మంచం మీద కొలుస్తాను. చుక్కలు పాపే పెట్టుకుంటుంది. అంకె చదివేది కూడా తనే, పుస్తకంలో రాసేది నేను. పోయిన నెల కుడి 25.6, ఎడమ 24.9. ముఖాల అట్ట ఒకటి నేనే గీసి గోడకు అంటించాను. ఆ రోజు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడి వచ్చాక అడిగితే రెండో ముఖం చూపించి, టేపు చుట్టేలోపే మళ్ళీ బయటికి పోయింది. పండగెళ్ళాక చెన్నై పోవాలి. పుస్తకం ఫైల్లో పెట్టేశాను.